కోవిడ్‌కి ముందు, కోవిడ్‌లో పిల్లల అడ్మిషన్లు ఎలా పోల్చాలి? గైడ్‌తో చిక్కొచ్చింది

పీజీ_కష్టాలు:
నమస్తే అందరికీ. పీడియాట్రిక్స్ పీజీ, ఫైనలియర్. థీసిస్ కోసం మా వార్డు పాత కేస్‌షీట్లు దులిపి 2019 ఏప్రిల్ నుంచి 2020 మార్చి దాకా ఒక ఏడాది, ఆ తర్వాతి ఏడాది ఇంకోటి పక్కపక్కన పెట్టా. అడ్మిషన్లు సగానికి పడిపోయాయి, అది అనుకున్నదే, కానీ ఐసీయూకి పోయినవాళ్ల శాతం బాగా పెరిగింది, సార్ ఏమో "కోవిడ్ టైంలో పిల్లల జబ్బులు ముదిరాయి అని రాసెయ్" అంటారు, నాకేమో ఎక్కడో తేడా కొడుతోంది.

నైట్‌డ్యూటీ_అక్క:
తమ్ముడివో చెల్లివో తెలీదు గానీ తేడా కొట్టడం కరెక్టే. మార్చి 25న లాక్‌డౌన్ పెట్టాక బస్సుల్లేవు, స్కూళ్లు లేక ఒకరి జలుబు ఒకరికి అంటుకోలేదు, పైగా ఆస్పత్రికెళ్తే కరోనా తగులుకుంటుందని భయం. దగ్గు, ఆయాసం, విరేచనాలతో కిక్కిరిసే వార్డుల్లో మంచాలు ఖాళీగా ఉండేవి. తేలిక కేసులు రాకపోతే ఐసీయూ శాతం దానంతటదే పెరుగుతుంది. శాతం పక్కనపెట్టి అసలు ఐసీయూలో ఎంతమందో చూడు.

పీజీ_కష్టాలు:
ఇప్పుడే లెక్కపెట్టా అక్కా. దాదాపు అంతే, ఓ నలుగురు తక్కువే!! (చెల్లినే 🙂)

కర్నూలు_నాన్న:
నేను డాక్టర్ని కాదండీ, మధ్యలో దూరుతున్నా. 2020 జూన్‌లో మా పాపకి ఎనిమిదేళ్లు, నీళ్లు తెగ తాగేది, రాత్రి పక్క తడిపేది, ఎండలకేమో అనుకున్నాం, ఊళ్లో ఆర్‌ఎంపీ ఫోన్లోనే ఏదో సిరప్ చెప్పాడు, వారానికి ఆయాసం వచ్చి మత్తుగా పడిపోతే కారు మాట్లాడుకుని తీసుకెళ్లాం. షుగరంట, నేరుగా ఐసీయూ. మామూలు రోజులైతే రెండోరోజే టౌనుకి పోయేవాళ్లం. మా పాపకి జబ్బు ముదరలేదని ఎలా అంటారు?

నైట్‌డ్యూటీ_అక్క:
అనను అన్నా, మీరు చెప్పింది నిజం, నేను సగమే చెప్పా. కొత్తగా షుగర్ బయటపడిన పిల్లల్లో డీకేఏతో, అంటే ఇన్సులిన్ చాలక రక్తంలో ఆమ్లాలు పేరుకుని ప్రాణం మీదకొచ్చే స్థితితో, వచ్చినవాళ్లు ఆ ఏడాది పెరిగారని చాలా దేశాల్లో తేలింది. చెల్లీ, లక్షణాలు మొదలై ఎన్నాళ్లకి వచ్చారో హిస్టరీలో ఉంటుంది కదా, అది ఒక కాలమ్ కట్టు, ఊరు ఎంత దూరమో ఇంకోటి. ఆలస్యం తెలిసేది అక్కడే.

లెక్కల_బాబాయ్:
ఇంకోటమ్మా, 2019 ఒక్కదాన్నే ముందటి ఏడాదిగా పెట్టుకోకు. ఆ ఏడు డెంగీ విపరీతం, 2020లో దేశం మొత్తానికి 44 వేల చిల్లర, 2021కి మళ్లీ 1.93 లక్షలు. మూడేళ్ల సగటు తీసుకో, అదీ నెలకి నెల. ఎంఐఎస్‌-సి (కోవిడ్ వచ్చి తగ్గాక పిల్లల్లో చాలా అవయవాలు వాచే జబ్బు) కేసులు విడిగా తియ్యి, 2019లో ఆ జబ్బే లేదు, దేంతో పోలుస్తావ్? అసలు మార్చి 2021తో ఆపితే సెకండ్ వేవ్ మొత్తం పోతుంది, ఎంఐఎస్‌-సి వచ్చేదే కోవిడ్ తగ్గిన రెండు నుంచి ఆరు వారాలకి.

పీజీ_కష్టాలు:
అయ్యో అంటే ఇంకో ఏడాది కేస్‌షీట్లు తియ్యాలా 😭 రికార్డు రూం ఆయన ఇప్పటికే నన్ను చూస్తే తాళం వేసేస్తున్నాడు. సార్‌కి ఎలా చెప్పాలో మరి.

నైట్‌డ్యూటీ_అక్క:
నోటితో చెప్పకు. ఆ ఐసీయూ అంకెలు రెండూ పక్కపక్కన రాసిన కాగితం టేబుల్ మీద పెట్టేసి రా.