‘షేక్ అప్’కి ‘కుదిపేయడం’ సరిపోతుందా?

ప్రశ్న: ‘ద న్యూ కోచ్ షుక్ అప్ ద టీమ్’ అన్నదాన్ని ‘కొత్త కోచ్ జట్టును కుదిపేశాడు’ అని రాయొచ్చా?

వద్దండి. అలా రాస్తే జట్టుకేదో నష్టం జరిగిందనుకుంటారు. తెలుగులో కుదిపేసేవి కుంభకోణాలు, తుపానులు, అయినవాళ్ల మరణాలు. ఇంగ్లిష్ వాక్యంలో ఉన్నది బాగుచేసే ఉద్దేశం: ఆడేవాళ్లను మార్చాడు, పద్ధతులు మార్చాడు, బద్ధకం వదిలించాడు. ‘జట్టులో సమూల మార్పులు చేశాడు’ అంటే చాలు. ‘ఊపేశాడు’ అసలే వద్దు. జనాన్ని ఊపేసేవి పాటలూ సినిమాలూ.

మనిషి విషయంలో అర్థం మారిపోతుంది. ‘షీ వాజ్ బ్యాడ్లీ షేకెన్ అప్’ అంటే బాగా బెదిరిపోయింది, ఇంకా తేరుకోలేదు అని. ప్రమాద వార్తల్లో పెద్ద దెబ్బలేవీ తగలని వాళ్ల గురించే ఈ మాట ఎక్కువగా వస్తుంది. దాన్ని ‘తీవ్రంగా గాయపడింది’ అని రాస్తే వార్తే తప్పవుతుంది. మందు సీసా దగ్గర మాత్రం చిక్కు లేదు, బాగా కుదపడమే.

ప్రశ్న: మరి పత్రికలు ‘మంత్రివర్గ ప్రక్షాళన’ అంటాయి కదండీ?

ప్రక్షాళన అంటే కడగడం. మకిలి ఉన్నచోటే ఆ మాట అతుకుతుంది. 1963లో కామరాజ్ ప్రణాళిక కింద ఆరుగురు కేంద్రమంత్రులు, ఆరుగురు ముఖ్యమంత్రులు పార్టీ పని కోసమని పదవులు వదిలారు. వారిలో మన బెజవాడ గోపాలరెడ్డి ఒకరు. ఇంగ్లిష్‌లో దాన్ని నిక్షేపంగా షేక్-అప్ అనొచ్చు. తెలుగులో ప్రక్షాళన అంటే మాత్రం వాళ్లకు లేని మచ్చ అంటగట్టినట్టే. ‘భారీ మార్పులు’ అనడం న్యాయం. మంత్రులు అలాగే ఉండి శాఖలు మాత్రం అటూ ఇటూ మారితే అది రీషఫుల్, అంత చిన్న మార్పుకి షేక్-అప్ పెద్ద మాట.

వ్యాకరణంలో ఎక్కువమంది తడబడేది సర్వనామం దగ్గర. ‘షేక్ అప్ ద టీమ్’, ‘షేక్ ద టీమ్ అప్’ రెండూ సరైనవే కానీ, ‘ఇట్’, ‘దెమ్’ వస్తే మధ్యలోనే పెట్టాలి: ‘షేక్ ఇట్ అప్’. ‘షేక్ అప్ ఇట్’ అనకూడదు. నామవాచకమైతే నడుమ హైఫన్ పెట్టి, ‘షేక్’ను ఒత్తి పలకాలి. క్రియకు హైఫన్ ఉండదు.

ఇంకొకటి. భూకంపానికి ఊరు కంపిస్తే ‘షుక్ ద టౌన్’ చాలు, ‘అప్’ అక్కర్లేదు. జనం హడలిపోయారని చెప్పాలంటేనే ‘అప్’ చేర్చండి. అక్కడ పొరపాటున ‘డౌన్’ పెట్టారో, బెదిరించి డబ్బు గుంజడమనే అర్థం వచ్చిపడుతుంది.