అడివి బాపిరాజు గారి రుణం పాఠకులుగా ఎలా తీర్చుకోవచ్చు?

వేంగి కుర్రాడు (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మాది భీమవరం వైపు. బాపిరాజు గారు మా ప్రాంతం వారని చిన్నప్పటి నుంచి వింటూనే ఉన్నా, ఆయన పుస్తకం చేతిలోకి తీసుకున్నది మాత్రం ఉద్యోగానికి బెంగళూరు వచ్చాకే. 2015లో రుద్రమదేవి సినిమా చూశాక అసలు ఈ గోన గన్నారెడ్డి ఎవరా అని నవల వెతికి చదివాను, అక్కడి నుంచి హిమబిందు, ఆ తర్వాత అడవి శాంతిశ్రీ, ఇప్పుడు అంశుమతి సగంలో ఉన్నాను. అంశుమతిలో కథంతా మా వేంగిదే కదా, ఆ విష్ణుకుండినులు, చాళుక్యులు, పెదవేగి అంటే బస్సులోంచి చూసి వదిలేసే ఊరని అనుకునేవాణ్ణి, ఇప్పుడు అలా అనిపించడం లేదు. ఆయన 1952లోనే పోయారు, ఉత్తరం రాసి థాంక్స్ చెప్పే వీలు లేదు. నాలాగే ఆయన పిచ్చిలో పడ్డ ఫ్రెండ్స్ కొందరం కలిసి ఏదైనా చేద్దామనుకుంటున్నాం. ఒకడు విగ్రహం అంటున్నాడు, ఇంకొకడు ఏటా అక్టోబరు 8న జయంతి సభ పెట్టి ఒక అవార్డు ఇద్దామంటున్నాడు. డబ్బు కొద్దిగానే ఉంది, ఓపిక మాత్రం ఉంది. మీరైతే ఏం చేస్తారు?

ఓరుగల్లు పిల్ల

విగ్రహం వద్దు తమ్ముడూ, దండం పెట్టి చెప్తున్నా. ఉన్న విగ్రహాలకే దండ వేసే దిక్కు లేదు. ఆ డబ్బుతో పుస్తకాలు కొని పంచండి. మా ఇంట్లో ఏ పెళ్లయినా, పుట్టినరోజైనా నేను గోన గన్నారెడ్డి ఇస్తాను, మొదట్లో నవ్వారు, ఇప్పుడు మా చుట్టాల్లో కనీసం ఇద్దరు ముగ్గురు తర్వాత ఏం చదవాలని వాళ్లే అడుగుతున్నారు.

ఇంకో మాట, ఆయన్ని గోదావరి జిల్లాల వాళ్లకే కట్టబెట్టకండి. 1944 నుంచి కొన్నేళ్లు హైదరాబాదులో మీజాన్ పత్రికకు సంపాదకుడిగా ఉన్నారు. గోన గన్నారెడ్డి నవలలోని వర్ధమానపురం అంటే మా నాగర్‌కర్నూల్ దగ్గరి నంది వడ్డెమాన్. వీలుంటే రాయచూరు కోటకు కూడా వెళ్లి రండి, బెంగళూరు నుంచి రైలుంది. అక్కడ గోడలో 40 అడుగులు దాటిన ఒకే ఒక్క రాయి ఉంటుంది, దాని మీద 1294 నాటి తెలుగు శాసనం, గోన గన్నారెడ్డి సేనాని విఠలనాథుడు ఆ కోట కట్టించాడని. అంత రాయిని బండి మీద ఎలా లాక్కొచ్చారో కూడా పక్కనే చెక్కి పెట్టారు. నవల చదివాక దాని ముందు నిలబడితే ఒళ్లు జలదరించింది, మా ఆయన మాత్రం ఎండకు తట్టుకోలేక ఆటోలోనే కూర్చున్నాడు.

పాతరాతి పిచ్చి

కృతజ్ఞత మంచిదే కానీ భక్తి మరీ ఎక్కువైతే రచయితకే నష్టం అండీ. గన్నారెడ్డిని పాఠ్యపుస్తకంలో మనిషిలా మాట్లాడేవాళ్లు ఎక్కువయ్యారు. ఆయన కాకతీయుల సామంతుడు, నిజమైన మనిషే. గజదొంగ వేషం వేసి రుద్రమకు రహస్యంగా పనులు చక్కబెట్టడం, అన్నాంబిక కథ, ఇదంతా బాపిరాజు గారి ఊహ. హిమబిందులో శాతవాహన రాజు శ్రీముఖుడు ధాన్యకటకం, అంటే మన అమరావతి నుంచి ఏలుతుంటాడు. తొలి శాతవాహనులు తెలంగాణ వైపు వాళ్లేమో అనిపించే శ్రీముఖుడి నాణేలు అక్కడి కోటిలింగాలలో బయటపడింది 1970ల తర్వాత, అంటే బాపిరాజు గారు పోయిన చాలా ఏళ్లకు. అది ఆయన తప్పు కాదు, కానీ ఇప్పుడు చదివే మనకు తెలిసి ఉండాలి.

ఆయన్ని నమ్మాల్సింది రాజుల వరసలో కాదు, కంటికి కనిపించే వాటిలో. ఆయన చిత్రకారుడు, రాజమండ్రి కాలేజీలో కూల్డ్రే దొర దగ్గర చిత్రకారుడు దామెర్ల రామారావుతో పాటు ఉన్నవాడు, తర్వాత బందరు జాతీయ కళాశాలలో ప్రమోదకుమార్ ఛటర్జీ దగ్గర బొమ్మలు నేర్చుకుని 1935 నుంచి అదే కళాశాలకు ప్రిన్సిపాల్ అయ్యాడు. హిమబిందులో ఆడవాళ్ల కొప్పులు, నడుముల మీది మేఖలలు, ఎద్దుల అలంకారం చదివి, ఆ తర్వాత చెన్నై మ్యూజియంలో అమరావతి శిల్పాల గదిలోకి వెళ్లి చూడండి, ఆయన ఏ రాతి ముందు ఎక్కువసేపు నిలబడి ఉంటాడో మీకే తెలిసిపోతుంది. అడవి శాంతిశ్రీ కూడా అంతే, నాగార్జునకొండ శాసనాల్లో ఇక్ష్వాకు రాజు శాంతమూలుడి కూతురిగా అడవి చాంతిసిరి పేరు ఉంది, ఆ ఒక్క పేరు పట్టుకుని నవల కట్టాడు. ఆ రాజుల రాజధాని విజయపురి ఉన్న లోయ ఇప్పుడు సాగర్ నీళ్ల కింద ఉంది. డ్యాముకు శంకుస్థాపన జరిగింది 1955లో, ఆయన పోయిన మూడేళ్లకు.

వర్ణనలు సాగదీస్తాడు, నాయికలు ఒక్కరూ ఒక్క తప్పూ చెయ్యరు, అది కూడా చెప్పుకోవాలి. జయంతి సభ పెడితే పొగడ్తలకు బదులు ఒక పూట ఇలాంటి చర్చ పెట్టండి, నేను సొంత ఖర్చుతో వస్తాను.

డల్లాస్ తాతయ్య

పాతరాతి గారూ, నాయికలు తప్పు చెయ్యకపోతే మీకొచ్చిన నష్టం ఏమిటి? సరదాకి అన్నాను లెండి.

మా మనవలకు తెలుగు అర్థమవుతుంది కానీ చదవడం రాదు. శనివారం రాత్రి వీడియో కాల్ పెట్టి హిమబిందు చదివి వినిపిస్తున్నాను, మొదట్లోనే వచ్చే ఎడ్లబండ్ల పందెం వాళ్లకు ఎంత నచ్చిందంటే మళ్లీ మళ్లీ అదే చదవమంటారు, కథ ముందుకు కదలనివ్వరు. సమాసాలు వచ్చిన చోట చిన్న మాటల్లో చెప్పేస్తాను. గొంతు బాగున్నవాళ్లు మీ గుంపులో ఉంటే రికార్డు చేసి పెట్టండి బాబూ, కళ్లు కనిపించని మా వయసు వాళ్లు కూడా వింటారు.

అచ్చుతప్పుల సుబ్బారావు

తాతయ్య గారు చెప్పినదానికి కాపీరైట్ చట్టం కూడా అడ్డురాదు. మన దేశంలో రచయిత పోయిన తర్వాతి ఏడాది నుంచి 60 ఏళ్లు లెక్క. బాపిరాజు గారు 1952 సెప్టెంబరులో పోయారు, కాబట్టి 2013 జనవరి నుంచి ఆయన రాతలు అందరివీ. చదివి రికార్డు చెయ్యొచ్చు, అచ్చు వెయ్యొచ్చు, నెట్‌లో పెట్టొచ్చు. అదే విశ్వనాథ వారి పురాణవైర గ్రంథమాల మీద మనసు పడితే మాత్రం ఆగాలి, ఆయన పోయింది 1976లో, 2036 చివరి దాకా వారసుల హక్కే. ఈ తేడా తెలియక ఏది పడితే అది పీడీఎఫ్ చేసి గ్రూపుల్లో తిప్పేవాళ్లను చూస్తే ఒళ్లు మండుతుంది, అభిమానం పేరుతో వాళ్ల పొట్ట కొట్టడం అది.

నా సలహా వికీసోర్స్, హక్కులు తీరిన పాత పుస్తకాలను అందరూ కలిసి టైపు చేసి ఉచితంగా పెట్టే వెబ్‌సైట్ అది. బాపిరాజు గారి పుస్తకాలు కొన్ని అక్కడ ఇప్పటికే ఉన్నాయి. స్కాన్ చేసిన పేజీ ఒక పక్క, యంత్రం చదివిన అక్షరాలు ఇంకో పక్క కనిపిస్తాయి. యంత్రం మన ఒత్తుల దగ్గర, పాత అచ్చు దగ్గర బోల్తా కొడుతుంది, ఘ కి ఫ, ధ కి థ, అలా. ఒకరు పేజీ దిద్దితే పసుపు రంగు పడుతుంది, రెండో మనిషి సరిచూస్తే ఆకుపచ్చ. దిద్దిన మనిషే ఆకుపచ్చ చెయ్యడానికి కుదరదు, అందుకే ఇద్దరు ముగ్గురు కలిసి కూర్చుంటే పని పరిగెడుతుంది. మీరు అన్న ఓపిక ఇక్కడ సరిగ్గా సరిపోతుంది, డబ్బు అక్కర్లేదు. దిద్దిన పుస్తకం ఫోన్లో వెతుక్కోవచ్చు, కళ్లు లేనివాళ్లకు ఫోనే చదివి పెడుతుంది.

మునగచెట్టు

అన్నీ బాగున్నాయి గానీ పోయినవాళ్లకే ఇంత చేస్తే ఎలా? ఇప్పుడు చారిత్రక నవల రాసేవాళ్లు శాసనాల కోసం ఊళ్లు తిరిగి, సొంత డబ్బుతో అచ్చు వేసుకుని, కట్టలు ఇంట్లో మంచం కింద పెట్టుకుంటున్నారు. అవార్డు డబ్బు ఉంటే ఎవరైనా కొత్త రచయిత పుస్తకం ముందే పది కాపీలు కొనండి. చదివాక నచ్చిందో లేదో నాలుగు ముక్కలు రాసి పంపండి. ఫ్రీ కాపీ అడక్కండి, అన్నిటికన్నా ముఖ్యం అది.

వేంగి కుర్రాడు

అందరికీ పేరుపేరునా థాంక్స్. విగ్రహం అన్నవాడికి ఈ దారం చూపించాను, కాసేపు అలిగి ఒప్పుకున్నాడు. జయంతికి సభ కాకుండా పాతరాతి గారు చెప్పినట్టు చర్చ పెడదాం, వచ్చినవాళ్లు ఎవరైనా కొత్త రచయిత పుస్తకం ఒకటి కొనుక్కుని రావాలి. రాయచూరు మాత్రం చలికాలంలోనే, అక్క వాళ్ల ఆయన అనుభవం చూశాక. దిద్దుబాటు పని కూడా మొదలుపెడదామని ఉంది, సుబ్బారావు గారూ, ఒక అనుమానం. పాత ప్రతిలో బండి ఱ, అరసున్నలు ఉన్నాయనుకోండి, ఇప్పటి వాళ్లకు తేలిగ్గా ఉండేలా మార్చెయ్యొచ్చా?

అచ్చుతప్పుల సుబ్బారావు

మార్చకూడదు. అచ్చులో ఎలా ఉంటే అలాగే. అచ్చుతప్పు అని ఖాయంగా అనిపించినా ముందు చర్చాపేజీలో రాయండి, ఎవరో ఒకరు చూసి చెప్తారు. మొదటిరోజే పెద్ద పుస్తకం మీద పడకండి, పది పేజీలు దిద్ది నాకు చెప్పండి, ఆకుపచ్చ నేను చేస్తాను.