టామ్ దయ్యమా, హాటీ దయ్యమా? మా పాపతో నాలుగు రోజులుగా గొడవ

తెనాలి_ఆడపడుచు:

అందరికీ నమస్కారం. మాది తెనాలి, ప్రస్తుతం ఇంగ్లండులో ఉంటున్నాం. మా పాప వాళ్ల బడిలో ఈ టర్మ్ ‘టామ్స్ మిడ్‌నైట్ గార్డెన్’ చదివిస్తున్నారు. ఫిలిప్పా పియర్స్ 1958లో రాసిన పిల్లల నవల, ఇక్కడ పిల్లల పుస్తకాలకిచ్చే కార్నెగీ మెడల్ కూడా వచ్చింది. కథ ఎలా నడిచింది, పాత్రలు ఎలా మారాయి అని రెండు పేజీలు రాసుకు రమ్మన్నారు. దయ్యాల కథలంటే చిన్నప్పటి నుంచీ నాకు చెవి కోసుకునేంత ఇష్టం కాబట్టి సాయం చేస్తానని నేనూ చదివాను. ఇప్పుడు పాప కంటే నాకే ఎక్కువ సందేహాలున్నాయి. (ముగింపు కూడా చెప్పేస్తున్నాను. చదవాలనుకునేవాళ్లు ఇక్కడే ఆగిపోండి.)

టామ్ తమ్ముడు పీటర్‌కి తట్టు పోస్తుంది. అంటుకుంటుందని టామ్‌ని గ్వెన్ ఆంటీ, అలాన్ అంకుల్ ఉండే అద్దె వాటాకి పంపేస్తారు. మా తమ్ముడికి తట్టు పోసినప్పుడు నన్నూ ఇలాగే రేపల్లెలో మా మేనత్త దగ్గర పదిహేను రోజులు పెట్టారు. అందుకని మొదటి పేజీలోనే టామ్ మొహం మాడ్చుకుని కూర్చోవడం నాకు బాగా తెలిసిన వ్యవహారమే. మేనత్త పూటకో రకం వండిపెట్టేది, ఆడుకోవడానికి మాత్రం పురుగు కూడా లేదు. టామ్‌ది కూడా అచ్చం అదే బాధ. ఆంటీ పెట్టే తిండి ఎక్కువై రాత్రిళ్లు నిద్ర పట్టదు.

ఆ ఇల్లు ఒకప్పుడు పెద్ద బంగళా, ఇప్పుడు వాటాలు చేసి అద్దెకిచ్చారు. కింద హాల్లో ఒక నిలువెత్తు గడియారం. అది ఇంటి ఓనరుది. ఆవిడ పేరు మిసెస్ బార్తలోమ్యూ, పై వాటాలో ఒంటరిగా ఉండే ముసలావిడ. ఒక రాత్రి గడియారం పదమూడు కొడుతుంది. టామ్ కిందికి దిగి వెనక తలుపు తీస్తాడు. పగలు చూస్తే అక్కడ చెత్త డబ్బాలున్న ఇరుకు పెరడు. రాత్రి చూస్తే పెద్ద తోట, పచ్చిక, చెట్లు! ఆ తోటలో హాటీ అనే అమ్మాయి ఉంటుంది. తల్లీ తండ్రీ లేని పిల్ల, కసిరే సవతి తల్లి లాంటి ఆంటీ ఇంట్లో పెరుగుతుంటుంది.

ఇక మా గొడవ. హాటీ ఎప్పుడో పాతకాలపు పిల్ల కాబట్టి దయ్యం ఆమేనని నేనంటాను. టామే దయ్యం అంటుంది మా పాప. వాడు మూసిన తలుపులోంచి దూరిపోతాడు, తోటలో చాలామందికి కనబడడు కదా అని దాని వాదన. తమాషా ఏమిటంటే పుస్తకంలో టామ్, హాటీ కూడా ఇదే విషయం మీద జుట్లు పట్టుకున్నంత పని చేస్తారు.

ఇంకోటి. ఒక రాత్రి పిడుగు పడి పెద్ద ఫర్ చెట్టు కూలిపోవడం టామ్ కళ్లారా చూస్తాడు. తర్వాత వెళ్లినప్పుడు చెట్టు నిక్షేపంగా నిలబడి ఉంటుంది. అచ్చు తప్పేమోనని వెనక్కి తిప్పి చూశాను. కాదు. హాటీ కూడా ఒకరోజు పెద్దగా, ఇంకోరోజు చిన్నగా ఉంటుంది. పెద్దవాళ్లలో తోటమాలి ఏబెల్‌కి ఒక్కడికే టామ్ కనబడతాడు, ఎందుకో చెప్పరు.

చివరగా టామ్ గుణం. పాపకి వాడు మంచి పిల్లాడు. నాకు మాత్రం స్వార్థపరుడిగా తోచాడు. ఇంకొన్నాళ్లు ఉంటానని పెద్దవాళ్ల దగ్గర మారాం చేస్తాడు, తోటలోనే శాశ్వతంగా ఉండిపోవాలని చూస్తాడు. ఇంటి దగ్గర తల్లీ తండ్రీ ఉన్నారన్న ధ్యాసే లేదు. నేను చదవడంలో ఏమైనా పోగొట్టుకున్నానా?

రిటైర్డ్_మాస్టారు:

అమ్మా, నువ్వు పోగొట్టుకున్నదేం లేదు. అచ్చు తప్పేమో అనుకున్నావు చూడు, ఈ కథకి తాళంచెవి అక్కడే ఉంది.

నేను గుంటూరు జిల్లాలో ముప్పై ఏళ్లు ఇంగ్లీషు చెప్పాను. ఇలాంటి కథలకి పిల్లల చేత ఒక పని చేయించేవాణ్ణి. నోటుబుక్కు పేజీ మధ్యలో గీత గీయించు. ఎడమవైపు టామ్ రాత్రులు వరసగా వేయాలి. కుడివైపు ఆ రాత్రి హాటీ ఎంత వయసులో ఉంది, తోటలో ఏ కాలం నడుస్తోంది రాయాలి. ఎడమవైపు కొన్ని వారాలు, కుడివైపు కొన్ని ఏళ్లు వస్తాయి. పైగా కుడివైపు వరసగా రాదు, ముందుకీ వెనక్కీ గెంతుతుంది. దయ్యం అలా గెంతదు. అలా గెంతేది జ్ఞాపకం. మనం చిన్నతనం తలుచుకుంటే ఒకటో తరగతి తర్వాత రెండో తరగతి గుర్తొస్తుందా? పెళ్లి గుర్తొస్తుంది, ఆ వెంటనే పలక పగిలిన రోజు గుర్తొస్తుంది.

ఆ జ్ఞాపకం ఎవరిదన్నది చివరి అధ్యాయాల్లో తేలుతుంది. పైన ఉండే మిసెస్ బార్తలోమ్యూయే హాటీ. ఆవిడ రాత్రి పడుకుని తన చిన్నతనం కలగంటుంది. ఏ వయసు కలలోకి వస్తే ఆ వయసు హాటీ కింద టామ్‌కి కనబడుతుంది. చెట్టు కూలింది ఆవిడ పెళ్లికి ముందు రోజు రాత్రి. ఆ రాత్రి కల ముందు వచ్చింది, అంతకంటే చిన్నప్పటి కల తర్వాత వచ్చింది. అందుకే కూలిన చెట్టు మళ్లీ నిలబడింది. ఆఖరి రాత్రి టామ్ తలుపు తీస్తే తోట ఉండదు, వెళ్లి చెత్త డబ్బాలకి గుద్దుకుంటాడు. ఎందుకు? ఆ రాత్రి ఆవిడ తన పెళ్లి కలగంది, ఆ కలలో తోట లేదు. కాబట్టి మీ ఇద్దరి పందెం రద్దు. ఇద్దరూ బతికున్నవాళ్లే.

అయితే ఆవిడ కలగంటే వీడెలా దూరాడు అని పాప అడుగుతుంది, అడగాలి కూడా. ఆ వేసవిలో తోట కలలు ఎన్నడూ లేనంతగా వచ్చాయంటుంది ఆవిడ. ఆడుకోవడానికి తోడు కావాలి, చోటు కావాలి అని టామ్ అల్లాడిపోతున్నది అప్పుడే. తోడు లేని పిల్లవాడి కోరిక మెట్లెక్కి తోడు లేని ముసలమ్మ నిద్రలో పడింది. నువ్వు రేపల్లెలో పడ్డ బాధ చెప్పావే, అదే ఈ కథని నడిపించే ఇంజను. గడియారం పదమూడు కొట్టడం గంట మోగించడం వరకే.

టామ్ స్వార్థం సంగతి. అవును, ఉంది. కానీ ఒకచోట మళ్లీ చూడు. హాటీ తాను బందీగా ఉన్న రాజకుమారినని కోతలు కోస్తుంటుంది. టామ్ నమ్మడు, మీ అమ్మానాన్నా ఎవరని గుచ్చి గుచ్చి అడుగుతాడు. తర్వాత ఒకరోజు నల్లబట్టల్లో, వెక్కి వెక్కి ఏడుస్తున్న చిన్నారి హాటీ కనబడుతుంది, అమ్మానాన్న పోయి కొత్తగా ఆ ఇంటికి వచ్చిన పిల్ల. ఆనాటి నుంచి టామ్ ఆమె తల్లిదండ్రుల ఊసెత్తడు. రాజకుమారి కబుర్లు మళ్లీ చెప్పినా కాదనడు. రచయిత్రి దాన్ని రెండు మూడు వాక్యాల్లో తేల్చేసింది, మంచి పిల్లవాడు అని బిరుదివ్వలేదు. పాత్ర మారిందనడానికి పాప ఏదైనా ఒక్క సాక్ష్యం రాయాలంటే ఇది రాయమను.

అర్ధరాత్రి_కాఫీ:

ముగింపు చెప్పేస్తున్నాను అని బ్రాకెట్లో రాశారు కానీ అది కనబడేసరికే సగం చదివేశాను. ఇప్పుడు పుస్తకం కొనాలా వద్దా? చందమామ బేతాళుడికి అలవాటుపడ్డవాణ్ణి, చివర్లో ప్రశ్న వేసి జవాబు కూడా చెప్పించకపోతే నిద్ర పట్టదు.

ఫెన్స్_పక్కన:

కొనండి బాబూ. తెలిసి చదివితేనే ఇంకా బాగుంటుంది. రెండోసారి చదివినప్పుడు ముసలావిడ పేరు వచ్చిన ప్రతిచోటా ఒళ్లు జలదరిస్తుంది.

అక్కా, మేం ఉండేది కేంబ్రిడ్జ్‌కి దగ్గర్లో. ఈ కథ జరిగింది ఈ చుట్టుపక్కలే. పియర్స్ నాన్న పిండిమర నడిపేవారు. ఆవిడ పెరిగింది గ్రేట్ షెల్ఫర్డ్‌లో నది ఒడ్డున ఆ మర ఇంట్లో, పుస్తకంలో తోట ఆ ఇంటి తోటే. కథలో క్యాజిల్‌ఫర్డ్ అన్న ఊరు కేంబ్రిడ్జే. దగ్గర్లోనే ఉన్న ఈలీ అనే ఊరి పేరు మాత్రం మార్చలేదు.

మీ పాపకి స్కేట్ల (మంచుగడ్డ మీద జారుతూ వెళ్లడానికి కాళ్లకి వేసుకునేవి) ముక్క చూపించండి, మా వాడికి బుర్ర తిరిగిపోయింది. ఇక్కడ పొలాలన్నీ పళ్లెంలా చదును, నీళ్లు నిలిచిన చోటల్లా చలికాలంలో గడ్డకట్టేవి. స్కేటింగ్ ఈ ప్రాంతపు జనానికి పాత అలవాటు. 1895 ఫిబ్రవరి చలి నిజంగానే చరిత్రకెక్కింది, లండన్‌లో థేమ్స్ మీద మంచుగడ్డలు తేలాయి. నవల్లో హాటీ గడ్డకట్టిన నది మీద ఈలీ దాకా స్కేట్ చేసుకుంటూ వెళ్తుంది. టామ్‌కీ వెళ్లాలని ఉంది, స్కేట్లు లేవు. అప్పుడు ఒక ఒప్పందం చేసుకుంటారు. నువ్వు స్కేటింగ్ మానేశాక వాటిని నీ గదిలో నేల చెక్క కింద దాచిపెట్టు అంటాడు. పొద్దున లేచి అదే గదిలో (ఇప్పుడు వాడి గది అదే) చెక్క తీస్తే స్కేట్లు ఉంటాయి, చీటీ కూడా ఉంటుంది. అవి వేసుకుని హాటీ పక్కన వెళ్తాడు. అంటే ఒకే జత స్కేట్లు ఒకే మంచు మీద ఇద్దరి కాళ్లకీ ఉన్నాయి! గడియారంలో ఏదో మాయ ఉంది అనుకుంటూ చదివేవాళ్లకి ఇక్కడ చేతికి అందే వస్తువు దొరుకుతుంది. డిటెక్టివ్ కథలో కత్తి దొరికినట్టు.

ఈలీ కెథడ్రల్ టవర్ సుమారు 66 మీటర్లు ఉంటుంది, మేమూ ఎక్కాం. ఆ టవర్ మీద తమ్ముడు పీటర్ కలలోంచి ఊడిపడి హాటీని చూస్తాడు. ఈమె చిన్నపిల్ల కాదు, పెద్దామె అయిపోయింది కదా అంటాడు. రోజూ చూస్తున్న టామ్‌కి అది అప్పటిదాకా తెలియలేదు. మన ఇళ్లల్లో పిల్లలు ఎదిగిన సంగతి ఊరి నుంచి వచ్చిన చుట్టాలకే ముందు కనబడినట్టు.

తెనాలి_ఆడపడుచు:

మాస్టారూ, నిన్న రాత్రి మీరు చెప్పినట్టే గీత గీసి కూర్చున్నాం. పాప కుడివైపు ఊదా రంగు పెన్నుతో రాసింది. పని తొమ్మిదికి మొదలై పదకొండు దాటింది. నల్లబట్టల పిల్ల దగ్గరికి వచ్చేసరికి అది పేజీ మీద చెయ్యి పెట్టి కాసేపు మాట్లాడలేదు. నేను ఆ పేజీ మొదటిసారి గబగబా దాటేశాను, ఒప్పుకుంటున్నాను.

ఒక్కటి మాత్రం ఒప్పుకోను. హాటీ పెద్దదవుతున్నకొద్దీ టామ్ ఆమె కంటికి పలచబడిపోతాడు. ఈలీ నుంచి తిరిగొచ్చేటప్పుడు బండిలో ఆమె, ఆ బార్టీ అనే అబ్బాయి కబుర్లలో పడిపోతారు, టామ్ పక్కనే ఉన్నా లేనట్టే. అది చూశాక స్వార్థం ఒక్క టామ్‌దేనా, హాటీది కాదా అనిపిస్తోంది. నేను తిట్టాల్సింది ఎవర్ని? ఏబెల్ సంగతి కూడా మీరు దాటేశారు.

రిటైర్డ్_మాస్టారు:

తిట్టడం దేనికమ్మా, ఆ పిల్లకి పెళ్లీడు వచ్చింది. బార్టీనే చేసుకుంది. ఇద్దరు కొడుకులు పుడితే ఇద్దరూ మొదటి ప్రపంచ యుద్ధంలో పోయారు, తర్వాత బార్టీ పోయాడు. అప్పుడు వచ్చి ఈ ఇంట్లో ఉంటోంది. ఈ వివరాలన్నీ చివర్లో ఆవిడే చెబుతుంది, అదీ పొడిపొడిగా. పెళ్లి ముందు రోజు రాత్రి ఇంత హడావిడిలోనూ టామ్‌కి ఇచ్చిన మాట గుర్తుపెట్టుకుని స్కేట్లు చెక్క కింద పెట్టింది ఈ ‘స్వార్థపరురాలే’.

ఏబెల్ సంగతి పుస్తకమే చెప్పదు. బైబిలు పట్టుకునే మనిషి, టామ్‌ని సైతాను పంపిన వాడనుకుని చాలాకాలం కనబడనట్టే నటిస్తాడు. చెట్టు మీది నుంచి హాటీ పడినప్పుడు, ఆమె చచ్చిపోయిందా అని టామ్ ఏడుస్తుంటే ఉండబట్టలేక నోరు విప్పుతాడు, బతికే ఉందని. హాటీ మీద నిజమైన దయ ఉన్న పెద్దమనిషి ఆ ఇంట్లో అతనొక్కడే. అందుకే కనబడ్డాడని నా ఊహ. పరీక్షలో రాస్తే నేను మార్కులు వేస్తాను, ఇంకొకరు వేస్తారన్న హామీ లేదు.

తెనాలి_ఆడపడుచు:

రెండు పేజీలు అన్నది ఐదయింది. చివర టామ్ సెలవు తీసుకుని మెట్లు దిగి, మళ్లీ పరుగున పైకి వెళ్లి ఆ ముసలావిడని చిన్నపిల్లని కౌగిలించుకున్నట్టు కౌగిలించుకుంటాడు కదా, అక్కడ ఆపింది. దయ్యం ఎవరన్న మాట ఎక్కడా ఎత్తలేదు. ఏబెల్ గురించి కూడా ఒక్క ముక్క లేదు. మాస్టారు అంత చెప్పారు కదే, రాయవేం అని అడిగాను.

“ఆయన టామ్ గురించి ఎవరికీ చెప్పలేదు కదమ్మా. మరి ఆయన గురించి నేనెందుకు చెప్పాలి?” అని బ్యాగు సర్దుకుంది.