రంపం కోతలో పడే సందును మీ వైపు ఏమంటారు?

చెక్కపని నేర్చుకునేవాళ్ళ కోసం తెలుగులో ఒక పాఠం రాస్తున్నాను. ‘కెర్ఫ్’ అనే ఇంగ్లీషు మాట దగ్గర ఆగిపోయాను, కాస్త సాయం చేయండి.

రంపం వెళ్ళిన దారిలో చెక్కలో పడే సన్నని సందే కెర్ఫ్. రంపం పళ్ళను ఒకటి ఎడమకి, ఒకటి కుడికి కొంచెం వంచుతారు కదా, అందుకే ఆ సందు రేకు మందం కన్నా వెడల్పుగా ఉంటుంది, రంపం ఇరుక్కోదు. కరెంటు రంపంతో అయితే దాదాపు 3 మిల్లీమీటర్లు. 10 కోతలకి 30 మిల్లీమీటర్ల చెక్క పొట్టయిపోతుంది! ఇది కొలతలో కలపకపోతే చివరి ముక్క కురచైపోతుంది.

పాత ఇంగ్లీషులో ఈ మాటకి కోయడం అనే అర్థం. చెక్కడం అనే అర్థమున్న ‘కార్వ్’ దీనికి దగ్గరి చుట్టం. జర్మన్‌లో గాటుని ‘కెర్బ’ అంటారు. నరికిన చెట్టు కోత కొసకి కూడా ఇంగ్లీషులో ‘కెర్ఫ్’ అనే పేరుంది.

‘గాటు’ అంటే పైపైన పెట్టినట్టుంది, ‘చీలిక’ అంటే దానంతటదే చీలినట్టుంది. రెండూ నాకు అతకడం లేదు. మీ ఇంట్లో, వీధిలో వడ్రంగం చేసేవాళ్ళుంటే, కొలత గీసేటప్పుడు రంపానికి వదిలే ఆ సందుని ఏమంటారో అడిగి చెప్పగలరా? మీ జిల్లా పేరు కూడా రాయండి.