12.5 కాస్తా 125గా సేవ్ అవుతోంది – కామా, చుక్కల గొడవ తీరేదెలా?

ప్రశ్న:
సీ షార్ప్‌ డెస్క్‌టాప్ అప్లికేషన్, వెనక ఎస్‌క్యూఎల్ సర్వర్. నా మెషీన్‌లో అంతా బాగానే నడుస్తోంది. విండోస్ రీజియన్ జర్మన్‌లో ఉన్న యూజర్ల దగ్గరే తంటా. ఎంట్రీ స్క్రీన్‌లో సేవ్ కొడితే, ఇన్సర్ట్‌లో (టేబుల్లో కొత్త వరస చేర్చే ఆదేశం) కాలమ్‌ల కన్నా విలువలు ఎక్కువున్నాయని ఎర్రర్. ఫైల్ ఇంపోర్ట్‌లో ఎర్రరే రాదు, కానీ ఫైల్లో 12.5 ఉన్నది టేబుల్లో 125గా పడుతోంది. సేవ్‌కి ముందు రీప్లేస్‌తో కామాని చుక్కగా మార్చేస్తే సరిపోతుందా అండీ?

జవాబు:
రీప్లేస్ జోలికి పోకండి. జర్మన్ పద్ధతిలో 1.234,56 వస్తే 1.234.56 అవుతుంది, అది అసలు అంకే కాదు. అదన్నా ఎర్రర్ ఇస్తుంది. అమెరికన్ పద్ధతిలో 1,234 వచ్చిందనుకోండి, చప్పుడు లేకుండా 1.234 అయి కూర్చుంటుంది.

మీవి రెండు వేర్వేరు జబ్బులు. ఎంట్రీ స్క్రీన్‌లో ఎస్‌క్యూఎల్‌ని స్ట్రింగులు (అక్షరాల ముక్కలు) అతికించి తయారుచేస్తున్నట్టున్నారు. డెసిమల్‌ని స్ట్రింగ్‌కి కలిపితే ఆ మెషీన్ కల్చర్ (అంకెలు, తేదీలు ఏ దేశ పద్ధతిలో రాయాలన్న సెట్టింగ్) ప్రకారమే రాతలోకి మారుతుంది. జర్మన్‌లో దశాంశానికి కామా కాబట్టి 12.5 కాస్తా 12,5 అవుతుంది. వాల్యూస్ బ్రాకెట్లోకి 7, 12,5 అని వెళ్తుంది, సర్వర్ లెక్కలో అవి మూడు విలువలు. పారామీటర్లు (విలువని ఎస్‌క్యూఎల్ రాతలో కలపకుండా విడిగా పంపే పద్ధతి) వాడండి, టైపు డెసిమల్ అని చెప్పి ప్రెసిషన్ (మొత్తం ఎన్ని అంకెలు), స్కేల్ (చుక్క తర్వాత ఎన్ని) కాలమ్‌కి తగ్గట్టు ఇవ్వండి. అంకె అంకెగానే వెళ్తుంది, కామా ప్రసక్తే రాదు. ఇంజెక్షన్ (విలువ పేరుతో ఎవరైనా ఎస్‌క్యూఎల్ ఆదేశాలు దూర్చడం) బెడదా పోతుంది.

ఇంపోర్ట్‌ది ఇంకా ప్రమాదం. జర్మన్‌లో చుక్క వేలను విడదీసే గుర్తు. డెసిమల్ పార్స్ (రాతని అంకెగా మార్చే ఫంక్షన్) ఆ గుర్తుని మామూలుగానే ఒప్పుకుంటుంది, దాని తర్వాత మూడంకెలున్నాయా లేదా అని చూడదు. అందుకే 125. ఫైల్ ఏ పద్ధతిలో రాశారన్నది ముఖ్యం, చదివే మెషీన్ సెట్టింగ్ కాదు. చుక్క పద్ధతి ఫైలైతే ఇన్వేరియంట్ కల్చర్ (ఏ దేశానికీ చెందని, మారని పద్ధతి; దశాంశానికి చుక్క), నంబర్‌స్టైల్స్‌లో (ఏ రాతల్ని ఒప్పుకోవాలో చెప్పే ఆప్షన్) ఫ్లోట్ ఇవ్వండి. ఫ్లోట్ అనే ఉజ్జాయింపు అంకెల టైపు పేరు చూసి కంగారు పడకండి, విలువ డెసిమల్‌గానే ఉంటుంది. వేల గుర్తు కనిపిస్తే మాత్రం ఒప్పుకోదు.

ఇంకొకరు:
ఇంత ఎందుకండీ, ప్రోగ్రామ్ మొదట్లోనే కల్చర్ మొత్తం ఇన్వేరియంట్‌కి మార్చేస్తే పోలా?

జవాబు:
పోదండీ. జర్మన్ యూజర్ అలవాటుగా 12,5 అని కొడతారు, ఇన్వేరియంట్‌లో కామా వేల గుర్తు, మళ్లీ 125. పైగా స్క్రీన్ మీద తేదీలు కూడా మారిపోతాయి. టెక్స్ట్‌బాక్స్‌కి యూజర్ కల్చరే ఉంచి, అదే ఫ్లోట్ స్టైల్‌తో ట్రైపార్స్ (అంకె కాకపోతే ఎర్రర్ బదులు కుదరలేదని చెప్పే పార్స్) చేయండి. జర్మన్ సెట్టింగ్‌లో ఎవరైనా 12.5 అని కొడితే తిరస్కరిస్తుంది. తప్పుగా సేవ్ అవడం కన్నా అది నయం.

ప్రశ్న అడిగినవారు:
పారామీటర్లతో మొదటిది పోయిందండీ, థాంక్స్. ఇప్పటికే తప్పుగా పడ్డ ఇంపోర్ట్ వరసల్ని పదితో భాగిస్తే సరిపోతుందా?

జవాబు:
భాగించొద్దు. 12.5 అయితే 125 అయింది, 12.50 అయితే 1250 అయింది, 12 మాత్రం 12గానే ఉంది. ఏది ఎంత పెరిగిందో టేబుల్ చూసి చెప్పలేం. పాత ఫైళ్లు ఉంటే మళ్లీ ఇంపోర్ట్ చేయడమే దారి. లేకపోతే, టేబుల్లో పరిమాణం, రేటు, మొత్తం కాలమ్‌లు ఉంటే, పరిమాణం, రేటు గుణిస్తే మొత్తంతో కలవని వరసల్ని క్వెరీతో తీసి ఒక్కొక్కటీ చూసుకోవాలి, అదీ మొత్తం విడిగా ఫైల్లోంచే వచ్చి, సరిగ్గా పడి ఉంటేనే.

సరిచేశాక టెస్టుల్లో కల్చర్‌ని జర్మన్‌కి, ఫ్రెంచ్‌కి మార్చి కూడా నడపండి. ఫ్రెంచ్‌లో వేల మధ్య ఖాళీ వస్తుంది, చూడ్డానికి మామూలు స్పేస్‌లాగే ఉన్నా అది వేరే క్యారెక్టర్.