క్యామ్, హెడ్డు మార్చాక వాల్వుకీ పిస్టన్‌కీ మధ్య ఎంత ఖాళీ ఉండాలి?

ప్రశ్న (పర్లాకిమిడి): అన్నలూ, సింగిల్ సిలిండర్ బైకుకి పెద్ద వాల్వుల హెడ్డు (సిలిండర్ పై మూత), ఎక్కువ లిఫ్టు క్యామ్ (వాల్వుల్ని ఇంకా ఎక్కువ తెరిచేది) వేశాను. హెడ్డు అడుగు అర మిల్లీమీటరు చెక్కించి ప్లేన్ చేయించాను. చేత్తో తిప్పితే ఎక్కడా తగలట్లేదు. స్టార్ట్ చేసేయొచ్చా?

జవాబు (రాయగడ): ఆగు తమ్ముడూ, కొలవకుండా వద్దు. పిస్టన్ మీది వాల్వు గుంటల్లో పిల్లలాడుకునే క్లే 5 మి.మీ. మందాన పెట్టి, పైన నూనె పూయి. ఇంతకుముందు బిగించి నలిగిన గ్యాస్కెట్టే వేసి హెడ్డుని పూర్తి టార్క్‌కి (కంపెనీ చెప్పిన బిగువుకి) బిగించు. టాపెట్ ఖాళీ (క్యామ్ వైపు నుంచి వాల్వుని నొక్కే చోట ఉండే సందు) సున్నా చెయ్యి. చైన్ టెన్షనర్ పెట్టాకే క్రాంకుని (పిస్టన్‌ని ఆడించే షాఫ్టుని) తిరిగే దిక్కులోనే రెండు పూర్తి చుట్లు తిప్పు. గట్టిగా పట్టేస్తే బలవంతం చెయ్యొద్దు. విప్పి, క్లేని బ్లేడుతో కోసి, అతి పలచని చోట వెర్నియర్‌తో కొలువు. క్యామ్‌తో వచ్చిన కాగితంలో అంకె లేకపోతే ఇన్‌టేక్ 2, ఎగ్జాస్ట్ 2.5 మి.మీ. ఉంచుకో. వాల్వు అంచుకీ గుంట గోడకీ మధ్య పక్కన కూడా 1.25 మి.మీ. ఉండాలి, పెద్ద వాల్వులకి ఇదే చాలామంది చూడరు.

జవాబు (కోరాపుట్): హెడ్డు ప్లేన్ చేస్తే చైన్ ఇంజన్లో క్యామ్ కాస్త రిటార్డ్ అవుతుంది (వెనకబడుతుంది), ఎగ్జాస్ట్ ఖాళీ తగ్గుతుంది. ముందు డిగ్రీ వీల్‌తో (క్రాంకు ఎన్ని డిగ్రీలు తిరిగిందో చూపే బిళ్ళతో) టైమింగ్ సరిచేసి, తర్వాత క్లే పెట్టు. ఎగ్జాస్ట్ వాల్వు మూసుకుంటుంటే పిస్టన్ వెనకే పైకొస్తుంది. సుంకి ఘాటు దిగుతూ పొరపాటున చిన్న గేరు పడితే చక్రమే ఇంజన్ని తిప్పేస్తుంది, ఇంజన్ వేగం హద్దు దాటకుండా చూసే రెవ్ లిమిటర్ కూడా దాన్ని ఆపలేదు. స్ప్రింగు తట్టుకోలేక వాల్వు ఆలస్యంగా మూసుకుంటే వంగిపోతుంది.

ప్రశ్న (పర్లాకిమిడి): చాలకపోతే మందం గ్యాస్కెట్ వెయ్యనా?

జవాబు (రాయగడ): కంప్రెషన్ పడిపోతుంది. గుంటలు లోతు చేయించడమే మేలు, కానీ ముందు పిస్టన్ తల మందం కొలిపించు.