అక్క లావు, షుగర్ మాత్రం నాకు! ఎందుకిలా?

మా అక్కకి 46 ఏళ్లు, 92 కిలోలు. నాకు 43, 74 కిలోలు. పోయిన వారం ఇద్దరం కలిసి రక్తపరీక్షలు చేయించుకున్నాం. అక్క హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్) 5.4, ట్రైగ్లిజరైడ్స్ (రక్తంలో ఉండే ఒక రకం కొవ్వు) 118, బీపీ నార్మల్. నాది 6.7, ట్రైగ్లిజరైడ్స్ 240, పైగా స్కాన్‌లో ఫ్యాటీ లివర్. రిపోర్టులు తారుమారయ్యాయేమోనని కవర్ల మీద పేర్లు రెండుసార్లు చూసుకున్నాను.

అక్కకి లావంతా తుంటి, తొడల దగ్గరే. నాకు కాళ్లూ చేతులూ సన్నమే, పొట్ట ఒక్కటే చొక్కా గుండీల్ని లాగేస్తుంది. నడుము 98 సెంటీమీటర్లు. మన దేశంలో మగవాళ్లకి 90 దాటకూడదట. చర్మం కింద కొవ్వు దాచుకునే చోటు నిండితే, అది లివర్‌లోకి, పేగుల చుట్టూ చేరి ఇన్సులిన్‌ని సరిగ్గా పనిచేయనివ్వదని చదివాను. మరి ఆ చోటు ఒక్కొక్కరికి ఒక్కోలా ఎందుకుంటుంది? జన్యువులా? ఒకే అమ్మ కడుపున పుట్టి, ఒకే వంట తిని పెరిగాం కదా! నేను రోజంతా కుర్చీలోంచి లేవను, అది మాత్రం ఒప్పుకుంటాను.

ఇప్పుడు అక్క "చూశావా, లావుంటే ఏం కాదు" అంటూ సాయంత్రం నడక కూడా మానేసింది. నాకు అదే టెన్షన్. మెనోపాజ్ తర్వాత కూడా తనకి ఇలాగే నార్మల్‌గా ఉంటుందా? ఏడాదికోసారి ఏయే పరీక్షలు చేయించాలి? తెలిసినవాళ్లు, ముఖ్యంగా డాక్టర్లు ఎవరైనా ఉంటే చెప్పండి.